అందరికీ ఒకే మోతాదా?

చెన్నై–కోల్‌కతా రహదారి, బందరు–హైదరాబాద్ రహదారి కలిసేది బెంజ్ సర్కిల్ దగ్గర. నిద్ర ఆపుకోవాల్సిన మనుషులు విజయవాడలో ఎక్కువగా తిరిగేదీ అక్కడే. లారీ డ్రైవర్లు, రాత్రి డ్యూటీకి వెళ్లే నర్సులు, పరీక్షలకు చదివే పిల్లలు, దూరపు బస్సు కోసం నిలబడ్డ కుటుంబాలు, వీళ్లందరికీ కావలసిన సరుకు చుట్టుపక్కల దొరుకుతుంది. టీ, కాఫీ, సిగరెట్టు, కిళ్లీ కొట్టు ఫ్రిజ్‌లో ఎనర్జీ డ్రింకు డబ్బా. డ్రగ్స్ అనగానే మనకు గంజాయి, పోలీసుల సోదాలు గుర్తొస్తాయి గానీ, మెదడును తట్టి లేపే రసాయనాలు చట్టం ఒప్పుకున్నవీ ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. కెఫీన్, నికోటిన్ మొదలుకొని కొకైన్, యాంఫెటమైన్, మెథాంఫెటమైన్ దాకా అన్నిటినీ వైద్యశాస్త్రం ఉత్తేజకాలనే అంటుంది. వీటి గురించి మనం చేసే హెచ్చరికల్లో, రాసే మోతాదుల్లో, ఇచ్చే చికిత్సలో ఒక పాత అలవాటు పాతుకుపోయింది. మగవాడి ఒంటి మీద తేలిన లెక్కను మనుషులందరి లెక్కగా చూపించడం ఆ అలవాటు. ఉత్తేజకాల విషయంలో ఆ లెక్క చెల్లదని గట్టి ఆధారాలు ఉన్నాయి. వాటిని ఇంకా ముందుకు తీసుకెళ్లగలిగే చోట్లు మన తెలుగు నేల మీదే ఉన్నాయి.

ముందు ఈ పదార్థాలు ఏం చేస్తాయో చూద్దాం. మెదడు లోపలి భాగంలో స్ట్రయేటమ్ అనే ప్రాంతం ఉంది. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం దొరికినా, ఎవరైనా మెచ్చుకున్నా అక్కడ డోపమైన్ విడుదలవుతుంది. ‘ఇది బాగుంది, మళ్లీ కావాలి’ అనే పాఠాన్ని మెదడు అలా నేర్చుకుంటుంది. విడుదలైన డోపమైన్‌ను కణాలు వెనక్కి తీసుకోకుండా కొకైన్ అడ్డుపడుతుంది. యాంఫెటమైన్ కణంలో దాచుకున్న నిల్వనే బయటికి తోస్తుంది. నికోటిన్ వేరే తలుపు తట్టి అక్కడికే చేరుతుంది. కెఫీన్ దారి ఇంకొకటి. అలసటను తెలియజేసే అడినోసిన్ సంకేతాన్ని అది మెదడుకు అందనివ్వదు. దారులు వేరైనా చివరికి మనిషికి కలిగేది చురుకుదనం, ఆ చురుకుదనం మీద మళ్లీ మోజు. ఆ మోజు ఎంత త్వరగా పుడుతుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, మానేశాక ఎలా వేధిస్తుంది అన్న ప్రశ్నల దగ్గరే ఆడ, మగ తేడా బయటపడుతుంది.

సమాజం ప్రభావం లేని చోట చూస్తే ఈ తేడా మరింత స్పష్టం. ఎలుకలకు పరువు, సంసారం, అత్తగారి భయం ఉండవు కదా. అమెరికాలో వెండీ లించ్, మరిలిన్ కారల్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, మీట నొక్కితే కొకైన్ అందేలా ఎలుకలకు ఏర్పాటు చేశారు. ఆడ ఎలుకల్లో 70 శాతం, మగవాటిలో 30 శాతం ఆ అలవాటుకు చిక్కాయి. ఆడవి త్వరగా కూడా చిక్కాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జిల్ బెకర్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధన దీని వెనక ఉన్న కారణాన్ని చూపించింది. అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకలో యాంఫెటమైన్‌కు వచ్చే డోపమైన్ స్పందన తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ ఇస్తే కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పెరుగుతుంది. వృషణాలు తీసేసిన మగ ఎలుకకు అదే ఈస్ట్రోజెన్ ఇచ్చినా ఆ పెరుగుదల కనిపించదు. అంటే హార్మోను ఒక్కటే కాదు, ఆ హార్మోనుకు స్పందించే మెదడు అమరికలోనే తేడా ఉంది. ఆడ ఎలుక రుతుచక్రం నాలుగైదు రోజులు. ఆ కొద్ది రోజుల్లోనే ఏ రోజన్నదాన్ని బట్టి అది మందు కోసం పడే తపన మారిపోతుంది.

మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందా? నెలసరి మొదలయ్యాక అండం విడుదలయ్యే వరకూ ఉన్న మొదటి సగంలో ఈస్ట్రోజెన్ పెరుగుతూ వస్తుంది. రెండో సగంలో ప్రొజెస్టిరాన్‌ది పైచేయి. షికాగో విశ్వవిద్యాలయంలో హారియట్ డి విట్ బృందం ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఒకే మోతాదు యాంఫెటమైన్ ఇచ్చి చూసింది. మొదటి సగంలో హుషారు, ఉత్సాహం ఎక్కువగా అనిపించాయని వాళ్లు చెప్పారు. రెండో సగంలో అదే మోతాదు అంత పని చేయలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో సుజెట్ ఎవాన్స్, రిచర్డ్ ఫోల్టిన్ మరో అడుగు వేశారు. కొకైన్ వాడేవాళ్లకు ముందుగా ప్రొజెస్టిరాన్ ఇస్తే స్త్రీలలో ఆ మత్తు సుఖం తగ్గింది, పురుషుల్లో తగ్గలేదు. షికాగో ప్రయోగంలో మోతాదు మారలేదు, మనిషీ మారలేదు. మారింది నెలలో రోజు మాత్రమే. ఈ ఒక్క సంగతి చాలు, మందు డబ్బా మీద అందరికీ కలిపి అచ్చేసే అంకె అసంపూర్ణమని చెప్పడానికి.

ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రావడం ప్రమాదం. వ్యసన చికిత్సా కేంద్రాల్లో తరచూ కనిపించే విషయం ఒకటుంది. స్త్రీలు తక్కువ ఏళ్లు వాడి వచ్చినా, ఎక్కువ ఏళ్లు వాడిన పురుషులంత తీవ్రస్థితిలో ఉంటారు. దీన్ని బట్టి స్త్రీకి వ్యసనం వేగంగా పడుతుందని చాలామంది రాశారు. కానీ అది చికిత్సకు వచ్చినవారి లెక్క. గడప దాటి రానివాళ్ల గురించి అది చెప్పదు. పైగా మెదడు స్కానింగులు ఒకే మాట చెప్పడం లేదు. 2006లో జాన్స్ హాప్‌కిన్స్ బృందం యాంఫెటమైన్ ఇచ్చి పెట్ స్కాన్ తీస్తే, స్ట్రయేటమ్‌లో డోపమైన్ ఎక్కువగా విడుదలైంది పురుషుల్లో. అదే ఏడాది వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం చేసిన మరో అధ్యయనంలో మెదడులోని కొన్ని ఇతర భాగాల్లో స్త్రీలది పైచేయి అయింది. ఇలా పరస్పర విరుద్ధంగా ఉంటే తేడా ఉందని ఎలా నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు కనిపించే జవాబు ఇది. రెండు అధ్యయనాలూ తేడా లేదని చెప్పలేదు. తేడా ఏ భాగంలో, ఎటువైపు మొగ్గుతుందన్న దాని దగ్గరే విడిపోయాయి. ఆడవారికి ఎక్కువ, మగవారికి తక్కువ అని ఒకే గీత గీయాలనుకునేవారికి ఇది నిరాశ కలిగిస్తుంది. ప్రతి పదార్థాన్నీ ఇద్దరిలోనూ విడివిడిగా పరీక్షించాలనేవారికి ఇది బలమైన సాక్ష్యం.

ఆడవాళ్ల మెదడు బలహీనమని చెప్పడానికి ఈ పరిశోధనను వాడుకునేవారు ఉంటారు. వారికి కెఫీన్, నికోటిన్ కలిసి జవాబు చెబుతాయి. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి మామూలుగా సుమారు 5 గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలో ఆ సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. గర్భం చివరి నెలల్లో 15 గంటల దాకా సాగుతుంది. నికోటిన్‌ది దీనికి పూర్తిగా ఎదురు. స్త్రీ శరీరం పురుషుడి శరీరం కన్నా నికోటిన్‌ను వేగంగా ఖర్చు చేస్తుంది. మాత్రలు వాడుతుంటే ఇంకా వేగంగా, గర్భిణిగా ఉన్నప్పుడు మరీ వేగంగా. అవే హార్మోన్లు ఒక ఉత్తేజకాన్ని నిలబెడుతున్నాయి, ఇంకోదాన్ని తరిమేస్తున్నాయి. ఇందులో బలం, బలహీనత అనే మాటలకు చోటు లేదు. కాలేయంలో ఏ ఎంజైము ఏ పదార్థం మీద పనిచేస్తుందన్నదే విషయం.

మరి ఇంత కాలం ఇది వైద్యుల దృష్టికి ఎందుకు రాలేదు? దృష్టికి రాకుండా నియమాలే పెట్టుకున్నారు గనక. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలను కొత్త మందుల తొలి దశ పరీక్షలకు దూరంగా ఉంచమని మార్గదర్శకం ఇచ్చింది. కడుపులో బిడ్డను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం, స్త్రీలు వాడబోయే మందుల్ని స్త్రీల మీద సరిగ్గా పరీక్షించకుండానే అమ్మడం. 1993లో గానీ ఆ మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకోలేదు. ప్రయోగశాల ఎలుకల్లోనూ ఇదే కథ. నాడీశాస్త్రంలో మగ జంతువుల మీద మాత్రమే చేసిన అధ్యయనాలు, ఆడవాటి మీద మాత్రమే చేసినవాటికి ఐదు రెట్లకు పైగా ఉన్నాయని ఎనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2011లో లెక్క తేల్చారు. ఆడ ఎలుకల హార్మోన్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఫలితాలు చెదిరిపోతాయని శాస్త్రవేత్తలు చెప్పుకునేవారు. 2014లో వందలాది అధ్యయనాలను కలిపి చూస్తే, ఆడ ఎలుకల ఫలితాల్లో చెదురు మగవాటి కన్నా ఎక్కువేమీ లేదని తేలింది. మగ ఎలుకలు కూడా పోట్లాటలతో, పెత్తనాలతో మారుతూనే ఉంటాయి. ఒక నమ్మకాన్ని పరీక్షించకుండా అన్ని దశాబ్దాలు పట్టుకుని కూర్చోవడం శాస్త్రానికి తగని పని. ఈ నిర్లక్ష్యానికి ధర ఏమిటో తెలియాలంటే ఉత్తేజకం కాని ఒక మందు చూడండి. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మోతాదును స్త్రీలకు సగానికి తగ్గించమని ఎఫ్‌డీఏ 2013లో చెప్పింది. అప్పటికి ఆ మాత్ర ఇరవై ఏళ్లుగా అమ్ముడవుతోంది.

మన దగ్గరికి వద్దాం. మన ఆడవాళ్లు ఇవేవీ ముట్టుకోరు కదా, మనకెందుకీ చర్చ అనే మాట తరచూ వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరం ఆ మాటను ఎప్పుడో కొట్టేసింది. అక్కడ అడ్డపొగ తాగడం తరాలుగా ఉన్న అలవాటు. పొగాకు చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీలుస్తారు. గాలి రెండో కొస నుంచి లోపలికి వస్తుంది. పొగ, వేడి నేరుగా అంగిలికి తగులుతాయి. నుసి నోట్లోనే రాలుతుంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ అంగిలి తెల్లబారి, చిన్న చిన్న బుడిపెలు లేచి, వాటి మధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. అడ్డపొగ తాగేవారిలో స్త్రీలే ఎక్కువ. ప్రపంచంలో స్త్రీలు ప్రధానంగా వాడే ఉత్తేజకపు అలవాటు మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో అదొకటి, అదీ తెలుగు పల్లెల్లో.

ఆ అధ్యయనం, దాని తర్వాత వచ్చినవీ అంగిలిని చూశాయి. అది అవసరమే. అయితే అడ్డపొగ తాగే స్త్రీ మెదడులో ఏం జరుగుతోంది, ఆమె ఎందుకు మానలేకపోతోంది అన్న ప్రశ్నకు జవాబు మరో చోట వెతకాలి. యేల్ విశ్వవిద్యాలయంలో కెల్లీ కాస్‌గ్రోవ్ బృందం సిగరెట్టు తాగుతున్న 8 మంది పురుషులకు, 8 మంది స్త్రీలకు స్కాన్ తీసి 2014లో ఫలితాలు వెల్లడించింది. పురుషుల్లో డోపమైన్ వేగంగా పెరిగింది స్ట్రయేటమ్‌లో మందు సుఖాన్ని గుర్తించే కింది భాగంలో. స్త్రీలలో వేగంగా స్పందించింది అలవాటుతో ముడిపడిన పై భాగం. పదహారు మంది చిన్న సంఖ్యే, ఒప్పుకోవాలి. కానీ చికిత్స ఫలితాలు కూడా అటే మొగ్గుతున్నాయి. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ పురుషులకు పనికొచ్చినంతగా స్త్రీలకు పనికి రాదని అనేక పరీక్షలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. పొగ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్ మాత్ర విషయంలో స్త్రీలకు అలాంటి నష్టం కనిపించలేదు. స్త్రీలను పట్టి ఉంచేది నికోటిన్ ఒక్కటే కాదని, వాసన, రుచి, చేతి అలవాటు, వేళ కూడా ఎక్కువగా పనిచేస్తాయని దీన్నుంచి ఊహిస్తున్నారు. ఇది నిజమైతే అడ్డపొగ మరింత మొండి అలవాటు కావాలి. నోట్లో ఆ వెచ్చదనం, ఆ ఘాటు, పని మధ్యలో ఆ విరామం ఏ పట్టీ ఇవ్వలేదు. ఇది నా తర్కమే గానీ ప్రయోగ ఫలితం కాదు. అయితే పరీక్షించడానికి వీలైన తర్కం. అందుకు కావలసిన ఊళ్లు, వైద్య కళాశాలలు రెండూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

దేశం మొత్తం మీద చూసినా పొగాకు వాడే స్త్రీల సంఖ్య చిన్నది కాదు. 2016–17 పొగాకు సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో పురుషులు 42.4 శాతం, స్త్రీలు 14.2 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. స్త్రీలలో ఎక్కువ భాగం నమిలేవారు, చిగుళ్లకు రాసుకునేవారు. పొగ రాదు కాబట్టి ఎవరి కంటా పడరు.

ఇక మెడికల్ షాపు సంగతి. జలుబు మాత్రల్లో, బరువు తగ్గించే మాత్రల్లో ఫినైల్ ప్రొపనోలమైన్ అనే పదార్థం ఒకప్పుడు విరివిగా ఉండేది. అది యాంఫెటమైన్‌కు దగ్గరి బంధువు. ముక్కు దిబ్బడ తగ్గిస్తుంది, ఆకలి చంపుతుంది. 2000 సంవత్సరంలో యేల్ పరిశోధకులు మెదడులో రక్తస్రావమైన 702 మందిని, వారితో పోల్చడానికి 1,376 మందిని పరిశీలించారు. ఆకలి తగ్గడానికి ఆ మందు వాడిన స్త్రీలలో రక్తస్రావం ముప్పు సుమారు 16 రెట్లు కనిపించింది. ఆ పరిశీలనలో పురుషులెవరూ ఆకలి మందుగా దాన్ని వాడలేదు కాబట్టి ఇద్దరినీ నేరుగా పోల్చడానికి వీల్లేదు. నన్ను ఆలోచనలో పడేసేది అదే. సన్నబడాలన్న ఒత్తిడి ఎవరి మీద ఉందో వాళ్లే ఆ మాత్ర మింగారు. శరీరపు తేడా, సమాజపు తేడా ఇలా ఒకే మాత్రలో కలిసి వస్తాయి. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని చూస్తే సగం నిజమే తెలుస్తుంది. అమెరికా అదే ఏడాది దాన్ని బజారు నుంచి తీసేయమని కంపెనీలను కోరింది. మన ప్రభుత్వం నిషేధం ప్రకటించింది 2011 ఫిబ్రవరిలో.

అన్నిటికన్నా మామూలు ఉత్తేజకం కెఫీన్ విషయంలోనూ జాగ్రత్త చాలదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దన్నాయి. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని కూడా లెక్క ఇచ్చాయి. మంచి పని. కానీ ప్రజల చెవిన పడిన అంకె ఒక్కటే, అందరికీ కలిపి 300. యూరప్ ఆహార భద్రతా సంస్థ మామూలు పెద్దవాళ్లకు 400, గర్భిణులకు 200 అని రెండు అంకెలు చెప్పింది. ఉదయం తాగిన కాఫీ అర్ధరాత్రికీ సగం మిగిలి ఉండే శరీరానికి వేరే అంకె ఉండడం న్యాయం. ఎనర్జీ డ్రింకు డబ్బా తీసుకోండి. మన నిబంధనల ప్రకారం లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తాగవద్దన్న హెచ్చరిక దాని మీద తప్పనిసరి. ఆ మాట డబ్బా వెనక చిన్న అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటుంది. గర్భనిరోధక మాత్ర గురించి ఒక్క ముక్కా ఉండదు. నీట్‌కు చదివే అమ్మాయికి నెలసరి క్రమం కోసం డాక్టరు హార్మోను మాత్రలు రాస్తే, రాత్రి చదువుకు ఆమె తాగే కాఫీ ఇంకా ఎక్కువసేపు ఒంట్లో నిలిచి నిద్ర చెడగొట్టవచ్చని ఆమెకు ఎవరు చెబుతున్నారు?

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఒక స్త్రీకి, ఇంకో స్త్రీకి మధ్య ఉన్న తేడా చాలాసార్లు స్త్రీ పురుషుల సగటు తేడా కన్నా పెద్దది. బరువు, జన్యువులు, అలవాటు, తిండి, అన్నీ లెక్కలోకి వస్తాయి. మరి ఆడ, మగ అని విడదీయడం ఎందుకు, ప్రతి మనిషినీ విడిగా చూడవచ్చు కదా అంటారు. చూడగలిగితే అంతకన్నా కావలసింది లేదు. కానీ కిటకిటలాడే ఓపీలో డాక్టరుకు ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో జన్యు పరీక్ష కుదరదు. నెలసరి ఎప్పుడు, గర్భమా, మాత్రలు వాడుతున్నారా అని మూడు ప్రశ్నలు కుదురుతాయి. ఏకాగ్రత లోపానికి ఉత్తేజక మందు వాడుతున్న 9 మంది స్త్రీలకు నెలసరికి ముందు రోజుల్లో మోతాదు కాస్త పెంచి చూస్తే లక్షణాలు అదుపులోకి వచ్చాయని నెదర్లాండ్స్ వైద్యులు 2023లో రాశారు. తొమ్మిది మందితో సూత్రం కట్టలేం. ప్రశ్న అడగడం మొదలుపెట్టడానికి మాత్రం తొమ్మిది మంది చాలు. ఇలాంటి ప్రశ్నలు అడిగితే ఆడవాళ్లు సిగ్గుపడతారన్న వాదన నాకు నచ్చదు. ప్రసూతి వార్డులో, స్కానింగ్ సెంటర్లో రోజూ అడుగుతున్నదే వ్యసన చికిత్సా కేంద్రంలో అడగడానికి అడ్డేమిటి?

విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది, మన తీరంలో అడ్డపొగ ఊళ్లున్నాయి. పీజీ విద్యార్థులు థీసిస్ అంశం కోసం వెతికే చోట ఇంతకన్నా దగ్గరి విషయం దొరకడం కష్టం. మత్తుపదార్థాల మీద రాష్ట్రంలో జరిగే ప్రతి సర్వే, ప్రతి చికిత్సా కేంద్రం నివేదిక ఆడ, మగ అంకెల్ని విడిగా అచ్చు వేయాలి. చికిత్సకు వచ్చిన స్త్రీ గర్భిణా, హార్మోను మాత్రలు వాడుతోందా అన్న వివరం కేసు షీటులో ఉండాలి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, కాగితం మీద రెండు గడులు చాలు. అంతవరకూ చదువరులు చేయగలిగింది ఒకటి ఉంది. మీరు గాని, మీ ఇంట్లో ఆడవాళ్లు గాని జలుబు మాత్రకైనా, సన్నబడే మందుకైనా, పొగాకు మానే చికిత్సకైనా వెళ్లినప్పుడు గర్భం సంగతి, హార్మోను మాత్రల సంగతి అడగకపోయినా మీరే చెప్పండి. ఏ ఉత్తేజకమైనా చెయ్యిదాటిపోయిందనిపిస్తే జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.